సరస్వతి ఆకు చరిత్ర: కుష్ఠు చికిత్స నుంచి కొల్లాజెన్ వరకు

విషయక్రమం

1. లక్ష్యాలు
2. ఉపోద్ఘాతం
3. మొక్క, పేర్లు, గుర్తింపు సమస్య
4. సంయోజక కణజాలం అంటే ఏమిటి?
5. ప్రాచీన వైద్య గ్రంథాలలో మండూకపర్ణి
6. ఐరోపావారి గ్రంథాలలోకి ప్రవేశం
7. మారిషస్, పుదుచ్చేరి, మద్రాసు: 1850ల ప్రయోగాలు
8. కుష్ఠు చికిత్స దారి మారడం
9. మడగాస్కర్: పాత ప్రశ్న, కొత్త ప్రశ్న
10. కొల్లాజెన్ ఆధారాలు
11. ఈ విజ్ఞానం ఎవరిది?
12. నేటి ప్రచారాన్ని చదవడం ఎలా?
13. సారాంశం
14. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• సరస్వతి ఆకు వైద్య చరిత్రలోని ముఖ్య దశలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ఒక మందు ఒక వ్యాధి విషయంలో విఫలమై, మరొక ప్రయోజనానికి ఎలా నిలబడిందో విశ్లేషించగలుగుతారు.
• సంప్రదాయ విజ్ఞానం, వలస పాలన, ఆధునిక ప్రయోగశాల మధ్య ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
• మూలికల గురించిన ప్రచారానికీ, ఆధారానికీ తేడా గుర్తించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు రావడం సహజం. అయితే చెరువు గట్టున పాకే ఒక చిన్న మొక్కకు కూడా చరిత్ర ఉంటుంది. దానిని ఎవరు గుర్తించారు, ఏ పేరుతో పిలిచారు, ఎవరి రోగానికి వాడారు, దాని నుంచి ఎవరు లాభం పొందారు అనే ప్రశ్నలు వేసుకుంటే ఆ మొక్క చుట్టూ సముద్ర వాణిజ్యం, వలస పాలన, రోగుల బతుకులు, శాస్త్ర పరిశోధన అన్నీ కనిపిస్తాయి.

మన ఇళ్లలో సరస్వతి ఆకును పిల్లల జ్ఞాపకశక్తికి మంచిదని పచ్చడి చేసి పెడతారు. సరస్వతీ లేహ్యం పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. అదే ఆకు సారం ఈ రోజు పారిస్, సియోల్ నగరాల ఔషధ దుకాణాలలో గాయాలు మాన్పే లేపనంగా, చర్మం ముడతలు పడకుండా కాపాడే క్రీముగా అమ్ముడుపోతున్నది. శరీరంలోని సంయోజక కణజాలానికి బలమిచ్చే మూలికగా దానికి ప్రపంచ ప్రసిద్ధి కలిగింది. జ్ఞాపకశక్తి మొక్క చర్మపు మొక్కగా ఎలా మారింది? ఈ రెండింటి నడుమ ఒక శతాబ్ద కాలం పాటు కుష్ఠురోగుల ఆసుపత్రులు ఉన్నాయన్న విషయం చాలామందికి తెలియదు. ఆ మధ్య కథే ఈ పాఠ్యభాగానికి కేంద్రం.

3. మొక్క, పేర్లు, గుర్తింపు సమస్య

సరస్వతి ఆకు శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. ఇది కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు మొక్కల కుటుంబానికి చెందినది. తడి నేలలో, కాలువ గట్ల మీద, చేల అంచులలో నేలబారుగా పాకుతుంది. కాండం నేలను తాకిన ప్రతి కణుపు దగ్గర వేళ్లు పుడతాయి. పొడవైన కాడ మీద మూత్రపిండం ఆకారంలో, గుండ్రని నొక్కులున్న అంచుతో ఆకులు ఉంటాయి. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, మడగాస్కర్, హిందూ మహాసముద్ర దీవులు, ఇంకా అనేక ఉష్ణ ప్రాంతాలలో ఇది పెరుగుతుంది.

సంస్కృతంలో దీనిని మండూకపర్ణి అంటారు. మండూకమంటే కప్ప, పర్ణమంటే ఆకు. తమిళంలో వల్లారై, సింహళంలో గొటుకొల, మడగాస్కర్ భాషలో తలపెట్రక అని పేర్లు. తెలుగువారు మాత్రం దీనిని చదువుల తల్లి పేరుతో పిలుచుకున్నారు. ఒక సమాజం ఒక మొక్కను ఎందుకు విలువైనదిగా భావించిందో పేరే చెబుతుంది. పేర్లు కూడా చరిత్రకు ఆధారాలే.

అయితే పేర్లు చిక్కులు కూడా తెస్తాయి. "బ్రాహ్మి" అనే పేరుతో మన దేశంలో రెండు వేర్వేరు మొక్కలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి సరస్వతి ఆకు. రెండవది బకోపా మొన్నియేరి. దీనిని నీటి బ్రాహ్మి అంటారు. దాని ఆకులు చిన్నవిగా, దళసరిగా ఉంటాయి. అది వేరొక కుటుంబానికి చెందినది. కేరళ వైద్యులు బ్రాహ్మి అంటే బకోపానే తీసుకుంటారు. ఉత్తర భారతంలో అనేక చోట్ల సరస్వతి ఆకునే బ్రాహ్మి అని అమ్ముతారు. అందుచేత పాత గ్రంథంలో బ్రాహ్మి అన్న మాట కనిపించగానే అది సరస్వతి ఆకేనని నిర్ణయించడం తొందరపాటు. ఏ ప్రాంతంలో, ఏ కాలంలో రాసిన గ్రంథమో చూడాలి.

4. సంయోజక కణజాలం అంటే ఏమిటి?

చరిత్రలోకి వెళ్లే ముందు ఒక శాస్త్ర భావనను తెలుసుకోవడం అవసరం. శరీరంలోని భాగాలను ఒకదానితో ఒకటి కలిపి, ఆకారమిచ్చి, నిలబెట్టే కణజాలాన్ని సంయోజక కణజాలం అంటారు. చర్మం లోపలి పొర, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు, కీళ్ల బంధకాలు, మృదులాస్థి, ఎముక, రక్తనాళాల గోడల బలం అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఇంటికి ఇటుకలు ఎంత ముఖ్యమో, వాటిని పట్టి ఉంచే సున్నం, సిమెంటు అంత ముఖ్యం కదా! కణాలను ఇటుకలనుకుంటే వాటి మధ్యనుండే ఈ పదార్థం సున్నం వంటిది.

ఈ పదార్థంలో ప్రధానమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. దానిని తయారుచేసే కణాలను ఫైబ్రోబ్లాస్టులు అంటారు. చర్మానికి దెబ్బ తగిలినప్పుడు ఈ కణాలు గాయం దగ్గరకు చేరి కొత్త కొల్లాజెన్ పోగులను అల్లుతాయి. గాయం మానడం అంటే చాలావరకు ఇదే. ఈ పనికి విటమిన్ సి అవసరం. పూర్వం నెలల తరబడి ఓడలలో ప్రయాణించిన నావికులకు స్కర్వీ వచ్చి, చిగుళ్లు పగిలి, మానిన పాత గాయాలు కూడా మళ్లీ తెరుచుకునేవి. కొల్లాజెన్ సరిగా తయారుకాకపోవడమే అందుకు కారణం. 1747లో జేమ్స్ లిండ్ నావికులపై చేసిన ప్రయోగంలో నారింజ, నిమ్మజాతి పండ్లు ఆ వ్యాధిని తగ్గించాయి. కొల్లాజెన్ పాత్ర అర్థం కావడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

ఎముక కూడా సంయోజక కణజాలమే. విరిగిన ఎముకలకు మన ప్రాంతంలో నల్లేరు వాడుక ఉంది. సంస్కృతంలో దానిని అస్థిసంహారకం అంటారు. ఎముకకు నల్లేరు, మెదడుకు సరస్వతి ఆకు అన్నది మన సంప్రదాయ విభజన. ఆధునిక పరిశోధన సరస్వతి ఆకును మెదడు వైపు నుంచి చర్మం వైపుకు నడిపించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
అ) బ్రాహ్మి అనే పేరు చరిత్రకారునికి ఎందుకు సమస్య అవుతుంది?
ఆ) గాయం మానడంలో ఫైబ్రోబ్లాస్టుల పాత్ర ఏమిటి?

5. ప్రాచీన వైద్య గ్రంథాలలో మండూకపర్ణి

చరక సంహిత చికిత్సాస్థానంలో రసాయన ప్రకరణం ఉంది. ఆయుర్వేదంలో రసాయనమంటే శరీర ధాతువులను పోషించి ఆయుష్షును, బలాన్ని పెంచే ఔషధం. బుద్ధిని పెంచే మేధ్య రసాయనాలుగా చరక సంహిత నాలుగింటిని చెప్పింది. అవి మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. వయసు ఉడుగకుండా నిలిపే వయఃస్థాపన వర్గంలోని పది ద్రవ్యాలలో కూడా మండూకపర్ణి ఉంది. సుశ్రుత సంహిత మండూకపర్ణిని, బ్రాహ్మిని వేర్వేరు ప్రయోగాలుగా చెప్పింది. అంటే ఆ గ్రంథకర్తకు అవి రెండు వేర్వేరు మొక్కలు. 16వ శతాబ్దపు భావప్రకాశం వచ్చేసరికి రెండింటినీ పక్కపక్కన ఉంచి, గుణాలను ఉమ్మడిగా చెప్పారు. పేర్ల కలగాపులగానికి ఇక్కడ ఒక మూలం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వయఃస్థాపనం అన్న మాట చూసి, మన పూర్వులకు కొల్లాజెన్ సంగతి ముందే తెలుసునని కొందరు రాస్తుంటారు. ఇది చరిత్ర పద్ధతి కాదు. ప్రాచీన వైద్యులు ధాతువులు, దోషాలు అనే తమ సిద్ధాంతంలో ఆలోచించారు. వారి పరిశీలన విలువైనది. ఆ విలువను గుర్తించడానికి నేటి పదాలను వారి నోట పెట్టనవసరం లేదు.

6. ఐరోపావారి గ్రంథాలలోకి ప్రవేశం

17వ శతాబ్దంలో కొచ్చిన్ కేంద్రంగా మలబారును పాలించిన డచ్చి అధికారి హెండ్రిక్ వాన్ రీడ్ అక్కడి మొక్కల గురించి ఒక బృహద్గ్రంథాన్ని తయారుచేయించాడు. హోర్టస్ మలబారికస్ అనే ఆ గ్రంథం 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడింది. దానికి సమాచారం ఇచ్చినవారిలో ఇట్టి అచ్యుతన్ అనే స్థానిక ఈళవ వైద్యుడు, రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే ముగ్గురు కొంకణీ బ్రాహ్మణులు ఉన్నారు. సరస్వతి ఆకు ఈ గ్రంథం 10వ సంపుటంలో కొడగం అన్న మలయాళ పేరుతో చోటుచేసుకుంది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి హైడ్రోకోటైల్ ఏషియాటికా అని పేరు పెట్టాడు. 1879లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఇగ్నాట్జ్ ఉర్బన్ దానిని సెంటెల్లా ప్రజాతికి మార్చాడు. అందుకే 19వ శతాబ్దపు వైద్య నివేదికలలో హైడ్రోకోటైల్ అనే పేరే కనిపిస్తుంది. పాత నివేదికలు చదివే విద్యార్థి ఈ రెండు పేర్లూ ఒకే మొక్కవని గుర్తుంచుకోవాలి.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన వైట్‌లా ఐన్స్‌లీ 1813లో మద్రాసులో, తరువాత 1826లో మరింత విస్తరించి లండన్‌లో, దక్షిణ భారత ఔషధాలపై గ్రంథాలు ప్రచురించాడు. పిల్లల కడుపు జబ్బులకు, జ్వరాలకు వేయించిన ఈ ఆకును మెంతులతో కలిపి కషాయంగా ఇస్తారని తెలిపాడు. దెబ్బ తగిలిన చోట, కమిలిన చోట వాపు రాకుండా ఆకును వేసి కడతారన్న వాడుకను కూడా నమోదు చేశాడు. ఈ రెండవ మాట మనకు ముఖ్యం. దెబ్బకు ఈ ఆకును కట్టే అలవాటు ప్రయోగశాలల కంటే ఎంతో ముందే దక్షిణ భారతంలో ఉన్నదనడానికి ఇది లిఖిత సాక్ష్యం.

7. మారిషస్, పుదుచ్చేరి, మద్రాసు: 1850ల ప్రయోగాలు

19వ శతాబ్దంలో కుష్ఠువ్యాధికి మందు లేదు. వ్యాధి వచ్చినవారిని కుటుంబం, ఊరు, ప్రభుత్వం మూడూ దూరంగా ఉంచేవి. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గాని గుర్తించలేదు. కారణం తెలియని వ్యాధికి, ఏ మూలిక పనిచేస్తుందన్నా వైద్యులు ఆశగా చూసే కాలమది.

1852లో మారిషస్ దీవిలో బ్వాలో అనే వైద్యుడు కుష్ఠుకు ఈ మొక్క బాగా పనిచేస్తుందని ప్రకటించాడు. మారిషస్ అప్పటికి బ్రిటిష్ వారి చేతిలో ఉన్నా, అక్కడి విద్యావంతుల భాష ఫ్రెంచి. చెరకు తోటలలో పని చేయడానికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలు వేల సంఖ్యలో అక్కడికి వెళుతున్న రోజులవి. వారిలో గోదావరి తీరపు కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారు కూడా ఉన్నారు. ఆ రేవు పేరు మీదనే మారిషస్‌లో తెలుగువారికి కోరంగివారు అనే పేరు వచ్చింది. కూలీలు, చక్కెర, వార్తలు, మందులు ఒకే సముద్ర మార్గాలలో ప్రయాణించాయి.

ఆ వార్త ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరికి చేరింది. అక్కడి ఫ్రెంచి నౌకాదళ ఔషధ నిపుణుడు జూల్స్ లెపిన్ 1855 ప్రాంతంలో ఈ మొక్కను రసాయన పరీక్షకు పెట్టి, నూనె వంటి ఒక పదార్థాన్ని వేరుచేశానని తెలిపాడు. తమిళ పేరు వల్లారై ఆధారంగా దానికి వెల్లరిన్ అని పేరు పెట్టాడు. తరువాతి రసాయనశాస్త్రంలో వెల్లరిన్ నిలబడలేదు. అయినా ఆకులో పనిచేసే పదార్థమేదో విడదీసి చూడాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

అదే కాలంలో మద్రాసులో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ కుష్ఠురోగులపై ఈ మొక్కను ప్రయోగించి చూశాడు. మద్రాసు చిత్రకళా పాఠశాల స్థాపకుడిగా కూడా ఈయన ప్రసిద్ధుడు. ఆయన తేల్చిన విషయం నిదానమైనది: ఇది కుష్ఠును నయం చేసే ప్రత్యేక ఔషధం కాదు, రోగుల సాధారణ ఆరోగ్యం మెరుగుపడటానికి మాత్రం ఉపయోగపడింది.

1868లో ఎడ్వర్డ్ వేరింగ్ సంపాదకత్వంలో వెలువడిన భారత ఔషధ సంహితలో హైడ్రోకోటైల్ చేరింది. మరుసటి సంవత్సరం మద్రాసు వైద్యుడు మొహిదీన్ షరీఫ్ ఆ సంహితకు అనుబంధం ప్రచురించాడు. మందుల పేర్లను తెలుగు, తమిళం, హిందుస్తానీ మొదలైన భారతీయ భాషలలో క్రోడీకరించడం దాని ప్రత్యేకత. పేరు తప్పితే మందు తప్పుతుందని గ్రహించిన వైద్యుడాయన. 1884లో ఫ్రాన్స్ అధికార ఔషధ గ్రంథంలోకి కూడా ఈ మొక్క ప్రవేశించింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒకరు గొప్ప మందు అన్నారు. మరొకరు కుష్ఠుకు ఇది మందు కాదన్నారు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పారనుకోవలసిన పని లేదు. కుష్ఠువ్యాధిలో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు. పుండ్లు పడి నెలల తరబడి మానవు. ఆ పుండ్లు మానడాన్ని చూసినవారికి వ్యాధే తగ్గినట్లు కనిపించే అవకాశం ఉంది. వ్యాధి క్రమాన్ని చూసినవారికి అది ఆగలేదని తెలుస్తుంది. 20వ శతాబ్దపు పరిశోధనలు ఈ వివరణకు బలం చేకూర్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ఇ) బ్వాలో, హంటర్‌ల అభిప్రాయాలలో తేడా ఏమిటి? దానిని ఎలా సమన్వయించవచ్చు?
ఈ) మొహిదీన్ షరీఫ్ కృషి ప్రాముఖ్యం ఏమిటి?

8. కుష్ఠు చికిత్స దారి మారడం

కుష్ఠు చికిత్సలో సరస్వతి ఆకుకు పోటీగా చాల్‌మొగ్రా నూనె వచ్చింది. ఇది కూడా భారతీయ సంప్రదాయ ఔషధమే. 1854లో కలకత్తాలో ఫ్రెడరిక్ మౌవాట్ దానిని పాశ్చాత్య వైద్యుల దృష్టికి తెచ్చాడు. తెలుగు ప్రాంతంతో దీనికి ప్రత్యక్ష సంబంధం ఉంది. నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించారు. స్థానిక దాత రాజా నర్సా గౌడ్ విరాళం దానికి ఆధారమైంది. చాల్‌మొగ్రా జాతి నూనె సూది మందుతో అక్కడ చికిత్స చేసేవారు. రోగులను బంధించి ఉంచడం కాక, వైద్యం చేసి పంపడమనే ఆలోచనకు డిచ్‌పల్లి ఒక ఉదాహరణ. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం నిరుపేద రోగులను నిర్బంధించడానికి వీలు కల్పించిన కాలంలో ఈ మార్పు చిన్నది కాదు.

1941లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో గై ఫేజే ప్రోమిన్ అనే సల్ఫోన్ మందును కుష్ఠురోగులకు ఇవ్వడం ప్రారంభించాడు. తరువాత చౌకగా దొరికే డాప్సోన్ మాత్ర వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమయ్యే వ్యాధి అయింది. దీంతో కుష్ఠుకు మూలికల అన్వేషణ ముగిసిపోయింది. సరస్వతి ఆకు కథ కూడా అక్కడితో ముగిసిపోవలసింది. ముగియకపోవడానికి కారణం మడగాస్కర్.

9. మడగాస్కర్: పాత ప్రశ్న, కొత్త ప్రశ్న

మడగాస్కర్ 1960 వరకు ఫ్రెంచి వలస. అక్కడి ప్రజలు తలపెట్రక ఆకును చర్మ రోగాలకు, పుండ్లకు వాడేవారు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పియెర్ బ్వాతో దాని మీద ఆసక్తి చూపి పరిశోధన ప్రారంభించాడు. ప్రోమిన్ వాడకం మొదలైన 1941వ సంవత్సరంలోనే బోంటెమ్ అనే రసాయనజ్ఞుడు ఈ మొక్క నుంచి ఏషియాటికోసైడ్ అనే గ్లైకోసైడును వేరుచేశాడు. 1949లో బ్వాతో, బుజాస్, లెడరర్, పొలోన్‌స్కీ కలిసి దాని రసాయన నిర్మాణం గురించి ప్రకటించారు. ఒక వైపు కుష్ఠుకు అసలైన మందు దొరికింది. మరో వైపు కుష్ఠుకు మందనుకున్న ఆకులోని సారం బయటపడింది. రెండూ ఒకే సంవత్సరంలో జరగడం చరిత్రలోని విచిత్రం.

బ్వాతోతో కలిసి పనిచేసిన ఆల్బర్ట్ రకోటో రట్సిమమంగ (1907–2001) మడగాస్కర్ దేశస్థుడు. 1956లో వారిద్దరూ ప్రచురించిన పరిశోధన పత్రం ఈ చరిత్రలో మలుపు. ఏషియాటికోసైడ్‌ను ప్రయోగాత్మక గాయాలపైనా, కుష్ఠు, చర్మ క్షయ, లూపస్ వంటి వ్యాధులలో వచ్చే మొండి పుండ్లపైనా వాడి, గాయం మానడంపై దాని ప్రభావాన్ని వారు చర్చించారు. ప్రశ్న మారిందని మీరు గమనించే ఉంటారు. "కుష్ఠును ఏది నయం చేస్తుంది?" అన్నది పాత ప్రశ్న. "మానని పుండును ఏది మాన్పుతుంది?" అన్నది కొత్త ప్రశ్న. ఆకు అదే, రోగులూ వారే. ప్రశ్న మారగానే విఫలమైన మందు ఉపయోగపడే మందు అయింది.

రట్సిమమంగ 1957లో ఆంటననరీవోలో మలగాసీ అనువర్తిత పరిశోధన సంస్థను స్థాపించాడు. స్వాతంత్ర్యానంతరం తన దేశానికి ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశాడు. స్థానిక మూలికలపై పరిశోధన స్థానికంగానే జరగాలన్నది ఆయన ఆశయం. ఈ ఆకు సారంతో మాదెకాసోల్ అనే మందు ఫ్రాన్స్ విపణిలోకి వచ్చి, అక్కడి నుంచి అనేక దేశాలకు వ్యాపించింది. మందు పేరులో మడగాస్కర్ పేరు వినిపిస్తుంది.

10. కొల్లాజెన్ ఆధారాలు

గాయం మానుతున్నదని చూడటం ఒక మెట్టు. ఎందుకు మానుతున్నదో తెలుసుకోవడం తరువాతి మెట్టు. 1990లో ఫ్రాన్స్‌కు చెందిన మకార్ బృందం మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టులను ప్రయోగశాలలో పెంచి, వాటికి ఈ ఆకు సారాన్ని ఇచ్చి పరిశీలించింది. కణాలు కొల్లాజెన్ తయారీని పెంచాయి. ఆ సారంలో ఏషియాటిక్ ఆమ్లం, మెదెకాసిక్ ఆమ్లం, ఏషియాటికోసైడ్ అనే మూడు ముఖ్య పదార్థాలు ఉంటాయి. ఇవన్నీ ట్రైటెర్పీన్ వర్గానికి చెందినవి.

1999లో లక్నో శాస్త్రవేత్తలు గినీ పందుల గాయాలపై 0.2 శాతం ఏషియాటికోసైడ్ ద్రావణాన్ని పూసి చూశారు. కొల్లాజెన్ పరిమాణానికి కొలమానమైన హైడ్రాక్సీప్రోలిన్ 56 శాతం, మానిన చర్మం తన్యబలం 57 శాతం పెరిగినట్లు నమోదుచేశారు. రక్తనాళాల గోడలలోని సంయోజక కణజాలం బలహీనపడి కాళ్లలో రక్తం నిలిచిపోయే సమస్యపైనా పరిశోధనలు జరిగాయి. 1987లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి అధ్యయనంలో 94 మంది రోగులను మూడు వర్గాలుగా చేసి, రోజుకు 120 మిల్లీగ్రాముల సారం, 60 మిల్లీగ్రాముల సారం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రెండు నెలలు పోల్చారు. సారం తీసుకున్నవారిలో కాళ్ల బరువు, వాపు తగ్గాయి. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల గ్రంథం మొదటి సంపుటిలో దీనికి ఒక అధ్యాయం కేటాయించింది.

ఈ ఆధారాలను వరుసగా చూడండి. కణాలు, జంతువులు, కొద్దిమంది రోగులు: ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క బలం ఉంది, పరిమితి ఉంది. గాజు పాత్రలోని కణం చేసిన పని మనిషి మోకాలిలోనూ జరుగుతుందని దానంతట అది రుజువు కాదు.

11. ఈ విజ్ఞానం ఎవరిది?

మలబారు వైద్యుడు చెప్పాడు, డచ్చి అధికారి గ్రంథం వేయించాడు. తమిళ వైద్యులు ఆకు కట్టారు, స్కాట్లండు వైద్యుడు రాశాడు. మడగాస్కర్ ప్రజలు పుండుకు పూశారు, ఫ్రెంచి సంస్థ లేపనం అమ్మింది. ఈ వరుసలో పేరు, లాభం ఎవరికి దక్కాయి?

ఈ ప్రశ్న మన దేశంలో పసుపు వివాదంతో పదునెక్కింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని సవాలు చేసి, ఇది కొత్త సంగతి కాదని పాత గ్రంథాలతో నిరూపించింది. 1997లో పేటెంటు రద్దయింది. మన అమ్మమ్మలకు తెలిసిన విషయమే అయినా, కేసు గెలిచింది లిఖిత ఆధారంతో. ఈ అనుభవంతో 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. 2010 నాటి నగోయా ఒప్పందం, జీవవనరుల వలన కలిగే లాభాన్ని ఆ విజ్ఞానం గల సమాజాలతో పంచుకోవాలన్న సూత్రాన్ని అంతర్జాతీయంగా ముందుకు తెచ్చింది. చరిత్ర గ్రంథాల అరలలోని పాత పుస్తకం న్యాయస్థానంలో సాక్షిగా నిలబడగలదని ఈ ఉదంతం చాటింది.

అదే సమయంలో రెండవ పక్షాన్నీ గమనించాలి. సంప్రదాయం ఆకును గుర్తించింది. ఆకులోని ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఏ పనికి అన్నది ప్రయోగశాల తేల్చింది. ఒకదాని గొప్పతనం చెప్పడానికి మరొకదానిని తక్కువ చేయనవసరం లేదు.

12. నేటి ప్రచారాన్ని చదవడం ఎలా?

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ, కుటుంబాలను చూసుకుంటూ చదువుతున్నవారు. ఇంట్లో పెద్దల కీళ్ల నొప్పులకు "కొల్లాజెన్ పెంచే మూలిక" అంటూ వచ్చే ప్రకటన చూసి డబ్బు ఖర్చుపెట్టే నిర్ణయం మీ చేతిలోనే ఉండవచ్చు. చరిత్ర విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్నలు ఇవి.

మొదటిది, ఏ మొక్క? పొట్లం మీద బ్రాహ్మి అని ఉంటే అది రెండింటిలో ఏదో తెలియాలి. రెండవది, ఏ రూపం? పరిశోధనలలో వాడింది కొలిచిన సారం. ఇంట్లో ఎండబెట్టిన పొడి చెంచాడు దానికి సమానం కాదు. మూడవది, దేనికి ఆధారం? గాయానికి, కాళ్ల నరాల వాపుకు ఉన్న ఆధారాన్ని అరిగిన మోకాలికి అంటగట్టడం సరికాదు. నాల్గవది, కథకు మూలం ఎక్కడ? అడవిలో గాయపడిన పులి ఈ ఆకులపై పొర్లుతుందన్న కథ క్రీముల ప్రకటనలలో తరచు కనిపిస్తుంది. కథగా బాగుంది, సాక్ష్యంగా పనికిరాదు.

అయిదవది, హాని ఉందా? ఈ ఆకును కూరగా, పచ్చడిగా తినే అలవాటు మనకూ, శ్రీలంకవారికీ ఉంది. అయితే మాత్రలుగా వాడిన ముగ్గురు స్త్రీలకు కాలేయం దెబ్బతిన్నట్లు, మాత్రలు ఆపగానే కోలుకున్నట్లు 2005లో అర్జెంటీనా వైద్యులు ప్రచురించారు. మురుగునీటి ఒడ్డున పెరిగిన ఆకులో భార లోహాలు చేరే ప్రమాదం కూడా ఉంది. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా మాత్రలు తీసుకోరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండుకు ఆకు కట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే కాలినే కోల్పోవలసి రావచ్చు.

13. సారాంశం

సరస్వతి ఆకు ప్రాచీన భారతీయ గ్రంథాలలో మేధ్య రసాయనం. 17వ శతాబ్దం నుంచి ఐరోపా గ్రంథాలలో ఒక వనస్పతి. 1850లలో మారిషస్, పుదుచ్చేరి, మద్రాసులలో కుష్ఠుకు మందు అవుతుందన్న ఆశ. సల్ఫోన్ మందులు వచ్చాక ఆ ఆశ అవసరం లేకుండా పోయింది. మడగాస్కర్‌లో ప్రశ్న మారి, ఏషియాటికోసైడ్ ద్వారా గాయాలు మాన్పే ఔషధమైంది. 1990 తరువాత కొల్లాజెన్ తయారీకి తోడ్పడే మూలికగా పేరుపొందింది.

ఈ చరిత్రలో వెలుగులోకి రానివారు కుష్ఠురోగులు. దేశం దేశం తిరిగిన ప్రయోగాలన్నీ వారి శరీరాల మీదనే జరిగాయి. వైద్యుల పేర్లు పుస్తకాలకెక్కాయి. వారి పేర్లు ఎక్కలేదు. నేడు ముఖానికి రాసుకునే క్రీము వెనుక, స్పర్శ లేని పాదాల మీద నెలల తరబడి మానని పుండ్లు ఉన్నాయి. ఒక వస్తువు వెనుకనున్న మనుషులను గుర్తుకు తేవడం చరిత్ర రచన చేయవలసిన పనులలో ముఖ్యమైనది.

14. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. సరస్వతి ఆకు వైద్య చరిత్రలోని వివిధ దశలను వివరించండి.
2. సంప్రదాయ విజ్ఞానం ఆధునిక ఔషధంగా మారే క్రమంలో తలెత్తే యాజమాన్య సమస్యలను పసుపు పేటెంటు ఉదాహరణతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. హోర్టస్ మలబారికస్ రచనలో స్థానికుల పాత్ర ఏమిటి?
2. 1956 నాటి బ్వాతో, రట్సిమమంగల పరిశోధన ఎందుకు మలుపు అయింది?
3. మీ ఊరిలో గాయాలకు, ఎముకలకు వాడే ఒక మూలికను ఎంచుకొని, పెద్దలను అడిగి, దాని పేర్లు, వాడుక విధానం, ఎవరి ద్వారా తెలిసిందన్న వివరాలతో చిన్న నివేదిక తయారుచేయండి.